బాపుకు తొలి చుక్క

శామీర్‌పేట దగ్గర మా బాపు పెంచిన ద్రాక్షతోట ఎప్పుడో చేతులు మారి రిసార్టు అయింది. రిటైరయ్యాక నాకు వైన్ గురించి తెలుసుకోవాలనిపించింది. అక్కడే వైన్ రుచి చూడటం నేర్పుతున్నారని తెలిసి, నా భార్య సుశీలతో వెళ్లాను. ఆ తోట ఒకప్పుడు మాదేనని ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడం నా స్వభావం కాదు.

రంగు చూడమన్నారు, వాసన పీల్చమన్నారు. బుద్ధిగా చేశాను. తాగమనగానే, మా వైపు కల్లు తాగేముందు గతించిన పెద్దలకు సాక పోసే అలవాటుకొద్దీ రెండు చుక్కలు కింద పోశాను. తెల్లటి తివాచీ ఎర్రబడింది.

"అంకుల్‌కు వాసనకే ఎక్కిందిరో!" అన్నాడు పక్క టేబుల్ అతను. అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయి లేచాను.

సుశీల నా చేయి పట్టి కూర్చోబెట్టింది. తన గ్లాసులోంచీ రెండు చుక్కలు పోసి, "గీ జాగల మా మామ ద్రాక్షతోట ఉండె బిడ్డా. ఆయనకు పొయ్యకుంట మేమెట్ల తాగుతం?" అంది.

నవ్వులు ఆగిపోయాయి. నేర్పే అమ్మాయి మా గ్లాసులు మళ్లీ నింపింది.

సుశీల ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "మన పండ్లు గింత పుల్లగ లేకుండె" అంది నా చెవిలో.

తోట చేయి జారినప్పటి నుంచీ ఇంట్లో ఎవరైనా దాని పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాణ్ని. ఆ రోజు ఇల్లు చేరేదాకా ఇద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం.