చిన్నాయన గిటారుకు గంజి పెట్టిన వారం

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరులో ఇంటికి కరెంటు ఉందంటే అదొక గౌరవం. ఆ గౌరవాన్ని ఊరికే వాడుకోకూడదని, దానికీ కాస్త భయభక్తులు చూపాలని మా జేజి నమ్మకం. (జేజి అంటే మా నాయన తల్లి. నాకు అక్షరాలు, ఎక్కాలు, స్తోత్రాలు అన్నీ ఆమె పక్కన కూర్చునే వచ్చాయి. బడి గడప తొక్కలేదు, ఆ చింతా లేదు. అంత మంచి గురువును ఇచ్చినందుకు స్వామికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.) ఆంధ్రప్రదేశ్ అనే కొత్త పేరు ఇంకా మా నోళ్లకు అలవాటు కాని కాలం. మా ఇంటి మొత్తానికి ప్లగ్గు ఒక్కటే. వైర్లు లాగిన మనిషి "యాడ పెట్టమంటావు పెద్దమ్మా?" అని అడిగితే జేజి ఇంకో ఆలోచన లేకుండా దేవుని గూడు పక్కన చూపించిందట. మంచిదేదైనా ముందు స్వామి దగ్గరికే రావాలి కదా! ఆ ఒక్క సైగ ఎంత దూరం పోతుందో జేజికి తెలియదు. స్వామికి తెలిసే ఉంటుంది.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, బెంగుళూరులో కొన్నాళ్లు ఒక పాటకచేరీ బృందంలో ఉండి, ఆ బృందం చెదిరిపోగా ఒక ఎలక్ట్రిక్ గిటారుతో, దాని శబ్దం పెంచే పెట్టెతో ఇల్లు చేరాడు. జేజి ఆ గిటారును తలకిందులుగా కూడా చూసి, "ఈ వీణకు ఏమైనా రోగమొచ్చిందారా, ఇంత సన్నబడింది?" అని జాలిపడి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ప్లగ్గు అక్కడే కాబట్టి పెట్టె దేవుని గూడు కిందికి చేరింది. సన్నతీగెలు మీటితే ఇల్లంతా తీయగా మోగింది. లావు తీగె మీటాడు. జర్ర్ర్ర్ మని, డబ్బాలో కందిరీగను పెట్టి ఊపినట్టు ఒకటే రొద.

"ఏందిరా అది, బుస కొడ్తాండాది?" అంది జేజి.

"తీగె ఎక్కడో తగులుతాంది మా. సరిచేస్తాలే."

అప్పుడు మా నాయన కలగజేసుకున్నాడు. ఆయనకు పాట అంటే శనివారం శనివారం మా ఇంట్లో జరిగే భజన ఒక్కటే. "సూడు అబ్బోడా, శనివారం భజనలో ఇది సక్కగా పలికితే నువ్వు ఈడే ఉండు, వాయించుకో, నేనేమీ అనను. గొణిగిందా, గొణిగినోళ్లు తెల్లారి తొలి బస్సుకు పులివెందుల పోవల్సిందే. మీ బావ మిల్లులో చెనక్కాయ మూటలు తూకం వేసే మనిషి కావాలంటాండాడు."

చిన్నాయన ముఖం చూడలేకపోయాను. పులివెందుల మీద మాకెవరికీ కోపం లేదు, అత్త అక్కడే ఉంది. కానీ ఆ వేళ్లతో మూటలు ఎత్తించడమంటే నాకే గుండె చెరువైంది. పైగా నాకు పాటలు కొత్త వరసల్లో చెప్పే మనిషి ఇంట్లో ఆయనొక్కడే.

ఇక ఆ వారమంతా వైద్యమే. చిన్నాయన తీగె బిగించాడు, వదులు చేశాడు, మెట్టు మెట్టుకూ వేలు పెట్టి చూశాడు, తీగె కింద కాగితం మడిచి పెట్టాడు. జర్ర్ర్. చివరికి గిటారు చంకన పెట్టుకుని, తోడుగా నన్ను పిలుచుకుని, పక్కింటి మగ్గం మామ దగ్గరికి పోయాడు. మామ చేనేత మనిషి. దారం అనే వస్తువు ఏ రూపంలో ఉన్నా తన శాఖ కిందికే వస్తుందని ఆయన ధీమా. వాళ్లింట్లో కరెంటు లేదు. ఊరికే మీటితే తీగె బుద్ధిగా పలికింది.

"మా ఇంట్లోనే గొణుగుతాది మామా, ఈడ గొణగదు," అన్నాడు చిన్నాయన ఆశ్చర్యంగా.

"గొణగదు. నన్ను సూసి భయపడింది," అన్నాడు మామ. తీగెను గోరుతో గీకి, వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. "మగ్గం మీద పడుగు దారానికి గంజి పెట్టకుంటే ఏమైతాది? పీచు లేస్తాది. లేచిన పీచు పక్కదానికి రాసుకుంటాది. అదేనప్పా ఆ రొద. దీనికి పుట్టినప్పటి నుంచి గంజి పెట్టినోడు లేడు, పాపం."

"ఇది ఇనుము మామా!"

"ఇనుమైతే గంజి ఇంకొంచెం చిక్కగా పెడదాం."

మునిగేవాడికి ఏదైతేనేం? జేజి కాచిన రాగి గంజితో (బియ్యం గంజి కన్నా బలమని ఆమె సలహా) తీగెకు ఆ చివర నుంచి ఈ చివర దాకా పూత పూశారు. ఎండలో ఆరబెట్టారు. విసనకర్రతో విసిరే పని నాది. సాయంత్రం మీటితే రొద లేదు. శబ్దమూ లేదు. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు దబ్, దబ్. మామ మాత్రం, "సూసినావా, పీచు అణిగింది," అని సంతోషంగా వెళ్లిపోయాడు. మర్నాటికి చీమలు బారుకట్టి గిటారు మెడ ఎక్కుతున్నాయి. "పోనీలేరా, పాడకపోయినా నాలుగు ప్రాణాలకు అన్నం పెడ్తాండాది," అంది జేజి. తడిగుడ్డతో గంజి తుడిచేసరికి చీమలు పోయాయి, రొద తిరిగొచ్చింది. చిన్నాయన బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

శనివారం వచ్చింది. హాలు నిండా జనం. నాయన తాళాలు పట్టుకుని కూర్చున్నాడు, చూపు మాత్రం గిటారు మీద. చిన్నాయన లావు తీగె జోలికి పోకుండా శానాసేపు నెట్టుకొచ్చాడు. కానీ హార్మోనియం కింది స్థాయికి దిగాక తప్పలేదు. జర్ర్ర్. నాయన తాళం ఆగింది. సరిగ్గా అప్పుడే జేజి నాకు సైగ చేసింది. హారతి పని నాది. గూట్లో ఉన్న హారతి తట్టలో కర్పూరం వెలిగించి పైకెత్తాను. (తట్ట అంటే మా వైపు పళ్లెం. అది జమ్మలమడుగులో జేజి పుట్టింటివారు పెట్టిన కంచుది, నా చేతికి మోయలేని బరువు.) ఎత్తీ ఎత్తగానే రొద ఆగింది. తీగె గుడిగంటలా నిండుగా పలికింది. జనం "గోవిందా!" అన్నారు. హారతి అయ్యిందని తట్ట గూట్లో పెట్టాను. జర్ర్ర్!

"ఎత్తు మే పాపా, ఎత్తు! తీగెకు హారతి కావల్లంట!" అని అరిచింది జేజి.

ఎత్తాను. ఆగింది. ఇక దించనిస్తే కదా! కర్పూరం అయిపోతే జేజి మళ్లీ వేసింది. ఉన్నదంతా అయిపోయాక వట్టి తట్టే ఎత్తించి నన్ను నిలబెట్టింది. కుడిచేయి పోయి ఎడమచేయి, అదీ పోయి రెండు చేతులూ. మగ్గం మామ భక్తిగా వచ్చి నా మోచేతుల కింద చేతులు పెట్టి, "నేను పెట్టిన గంజి ఇప్పటికి పని చేస్తాంది," అని చెవిలో చెప్పాడు. నిప్పు లేదు, పొగ లేదు, అయినా తీగె హాయిగా పాడుతోంది. అప్పుడు నా మట్టిబుర్రకు వెలిగింది. కావలసింది హారతి కాదు, తట్ట గూట్లో లేకపోవడం.

జనం పోయాక చిన్నాయనకు చెప్పాను. ఆయన తట్టను గూట్లో పెట్టి తీగె మీటాడు. జర్ర్ర్. తట్ట మీద వేలు ఆనించి మీటాడు. శుభ్రంగా పలికింది. కింద పెట్టె మోగితే పైన రాతి గూట్లో తట్ట అదురుతోంది, అంతే!

"తప్పు తీగెది కాదు మా, నీ తట్టది!"

"మా పుట్టింటి తట్టకు తప్పు పడ్తావా? అది తాళం వేస్తాండాదిరా స్వామికి! దాన్ని ఆడనుంచి కదిలించినారంటే సూడండి!"

అందరం నాయన వైపు చూశాం. ఆయన తట్టను చూశాడు, తల్లిని చూశాడు. "గొణిగినోళ్లు పులివెందుల పోవల్లంటిని. గొణిగింది తట్ట. దాన్ని పంపితే మా యమ్మ కూడా దాని ఎంబడే బస్సెక్కుతాది. ఎవురూ పోవద్దులే," అన్నాడు. చిన్నాయన పెట్టెలోంచి బట్టలు మళ్లీ దండెం మీదికి వచ్చాయి.

జేజి మాట జేజిదే. తట్ట స్థానం మారలేదు. అందుకే నా పెళ్లయ్యేదాకా ప్రతి శనివారం భజన మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా తట్ట ఎత్తుకుని నిలబడే ఉద్యోగం నాది. నా భక్తిని ఊరంతా మెచ్చుకునేది. (భుజం నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు, మెచ్చుకోలు బాగానే ఉండేది.)

జేజి, నాయన, చిన్నాయన అందరూ ఇప్పుడు స్వామి దగ్గరే ఉన్నారు. తట్ట మాత్రం నాతో ఉంది. మొన్న మనవరాలు ఫోనులో ఏదో పాట పెద్దగా పెడితే గూట్లో ఇది జర్రుమంది. చేసే పని వదిలి పరుగున పోయి ఎత్తి పట్టుకున్నాను, పాట అయ్యేదాకా దించలేదు. కథంతా చెప్పాక మనవరాలు అడిగింది కదా, "అవ్వా, తట్ట కింద ఒక గుడ్డముక్క వేసుంటే సరిపోయేది కదా?"

అంత పెద్ద ఇంట్లో, అంతమంది పెద్దల్లో, పక్కింట్లో మగ్గం నిండా గుడ్డ పెట్టుకుని, ఒక్కరికీ తోచలేదు. తోచనివ్వకుండా అన్ని శనివారాలు నన్ను ఆ పాట పక్కనే నిలబెట్టిన స్వామికి దండం. గుడ్డ ఇప్పటికీ వేయలేదు.