ఫ్లెక్సీ కిట్టయ్య షేడ్ కార్డు

మణుగూరు మెయిన్ రోడ్డు మీద వెంకటకృష్ణ దుకాణం ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఫ్లెక్సీ కిట్టయ్య అనండి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెడతారు. పుట్టినరోజు ఫ్లెక్సీలూ అతనివే, సంతాపం ఫ్లెక్సీలూ అతనివే. బోర్డు మీద మాత్రం ‘డిజైనర్’ అని ఇంతింత అక్షరాల్లో రాయించుకున్నాడు. పాపం, ఆ అక్షరాలు ఊళ్లో ఒక్కరూ చదివిన పాపాన పోలేదు.

అందుకే సంపూర్ణ వచ్చి “అన్నా, నా కారానికి ప్యాకెట్లు డిజైన్ చేయాలె” అన్న రోజు కిట్టయ్య కాళ్లు నేల మీద ఆనలేదు. సంపూర్ణ గని కాలనీల్లో ఇల్లిల్లూ తిరిగి కారప్పొడి అమ్ముతుంది. కొత్త కాయ దిగేలోపు దుకాణాలకు వేయాలని పట్టుబట్టింది. ప్లాస్టిక్కు వద్దు, మెరుపులు లేని మందపాటి కాగితం ప్యాకెట్టు కావాలంది.

“రంగు దగ్గర తేడా రావొద్దన్నా. వెలిసినట్టుంటే పోయినేడు కారమనుకుంటరు. నా ముఖం కూడా చూడరు.”

ఈ పని కుదిరితే కిట్టయ్య డిజైనరు. చెడితే మళ్లీ దండలేసిన ఫోటోలే గతి.

అలా షేడ్ కార్డు కొనాలనే బుద్ధి పుట్టింది. అదేనండీ, విసనకర్రలా విప్పితే వందల రంగులు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. మనం నంబరు చెబితే ప్రెస్సువాడు ఆ రంగు కలుపుతాడు. అందులోనూ రెండు రకాలు: మెరిసే కాగితానికి ఒకటి, మామూలు కాగితానికి ఒకటి. సిరా అదే అయినా మెరుపు కాగితం మీద నిగనిగలాడుతుంది, మామూలు కాగితం తాగేసి మందగిస్తుంది. పెళ్లిచూపులకు బయల్దేరినవాడిలా కిట్టయ్య వారం పాటు ఫోన్లో రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు. మనసంతా మెరిసేదాని మీదే. అయినా ఎన్నడూ లేనిది బుద్ధి గెలిచి, సంపూర్ణ ప్యాకెట్టుకు తగ్గట్టు మామూలుదే తెప్పించాడు. దాన్ని సిల్కు తువ్వాలులో చుట్టి, ముట్టుకోబోతే చేతులు కడుక్కుని రమ్మనేవాడు.

ఇంతలో దసరా వచ్చింది. తల్లి బుల్లెమ్మ కంప్యూటరుకూ ప్రింటరుకూ స్కూటరుకూ బొట్లు పెట్టి, తువ్వాలు విప్పి షేడ్ కార్డుకూ పెట్టింది. పైన ఒకటి పెట్టి ఊరుకుంటే ఆమె బుల్లెమ్మ ఎందుకవుతుంది? ఆకు ఆకుకూ పెట్టింది.

“అమ్మా! కొంప ముంచినవ్ గదనే!”

“అన్నం పెట్టేదానికి బొట్టు లేకుంటే ఎట్లరా? కంప్యూటరే ఏడ్వలేదు, నువ్వేంది గట్ల ఏడుస్తవ్?”

కిట్టయ్య తడి దూది తీసుకుని, పచ్చ మీదా నీలం మీదా కనపడిన బొట్టునల్లా తుడిచాడు. శుభ్రమైందనుకున్నాడు.

మర్నాడు సంపూర్ణ వచ్చి, షేడ్ కార్డును ఎండలోకి తీసుకెళ్లి, ఒక ఎరుపు దగ్గర ఆగిపోయింది. “గిదేనన్నా! అచ్చం నా కారమే.” కిట్టయ్య ఆ నంబరును ఖమ్మంలో ప్రెస్సు నడిపే కిషన్‌లాల్‌కు పంపాడు. నమూనాకు అచ్చేసిన ప్రూఫు వచ్చింది. చూస్తే ఇటుకపొడి.

సంపూర్ణ కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇది ఎవరు కొంటరన్నా?”

కిట్టయ్య ఫోన్లో కిషన్‌లాల్‌ను ఉతికి ఆరేశాడు. “నువ్వు చెప్పిన నంబరే వేసిన భయ్యా” అంటే వింటేనా! షేడ్ కార్డు చంకలో పెట్టుకుని, సంపూర్ణను సాక్ష్యానికి వెంటబెట్టుకుని ఖమ్మం బస్సెక్కాడు. “సేటును కడిగి పారేస్త చూడక్కా” అంటూ దారి పొడుగునా మీసం దువ్వుకున్నాడు.

కిషన్‌లాల్ తన షేడ్ కార్డు తీసి పక్కన పెట్టాడు. నంబరు ఒకటే, ఎరుపులు రెండు. కిట్టయ్యది భగభగమంటోంది, సేటుది చల్లారిపోయింది. సేటు కిట్టయ్య ఎరుపు మీద బొటనవేలితో గట్టిగా రుద్ది, వేలు పైకెత్తాడు. వేలు ఎర్రగా ఉంది.

“దీన్ని గుడి నుంచి తెచ్చినవా భయ్యా?”

మెరుపు కాగితమైతే కుంకుమ నిలవక జారిపోయేది. బుద్ధిగా ఎంచుకున్న మామూలు కాగితం బుల్లెమ్మ కుంకుమను హాయిగా తాగి కూర్చుంది. ఎరుపు మీద ఎరుపు ఎవరికి కనపడుతుంది చెప్పండి! కిట్టయ్యకు తల కొట్టేసినట్టయింది. సంపూర్ణ వైపు చూసే ధైర్యం లేకపోయింది.

సంపూర్ణ నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు.

“ఆదివారమైతే చర్చికి పోయేదాన్ని, మా ఇంటావంటా బొట్టు లేదు. నేను ఏరి ఏరి పట్టింది మీ అమ్మ కుంకుమనా అన్నా!” కళ్లు తుడుచుకుని సేటు వైపు తిరిగింది. “నాకు గా రంగే కావాలె. మీరేం చేస్తరో నాకు తెల్వదు.”

ముగ్గురూ తలకాయలు దగ్గర పెట్టి, సేటు షేడ్ కార్డులో ఎరుపులన్నీ కుంకుమ పక్కన పెట్టి చూశారు. చివరికి ఒకటి కుదిరింది. కిట్టయ్యకు ప్రాణం లేచొచ్చింది.

కొత్త కాయ కంటే ముందే ప్యాకెట్లు దుకాణాలకెక్కాయి. సంపూర్ణ కారంతో పాటు ఈ కథను కూడా కాలనీ కాలనీకీ పంచింది. ఇప్పుడు మణుగూరులో ఫ్లెక్సీ కిట్టయ్య ఎవరో ఎవరికీ తెలియదు, కుంకుమ కిట్టయ్య అనాలి. పచ్చళ్లవాళ్లూ పసుపువాళ్లూ ఆ పేరే అడుగుతూ వస్తున్నారు, లేబుళ్లు వేయించుకుని పోతున్నారు. డిజైనరు బోర్డు మాత్రం ఇప్పటికీ ఎవరూ చదవలేదు.

మళ్లీ దసరాకు కిట్టయ్య షేడ్ కార్డును తనే తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

“అట్ట మీద ఒక్కటే పెట్టమ్మా. నీ కాళ్లు మొక్కుత.”