ఆండాళు వెళ్ళాక తగ్గిన వాపు

బడి నుంచి వచ్చి అరుగు మీద చెప్పులు విడవబోతే కుడికాలి చెప్పు రాలేదు. తోలు వారు పాదంలోకి దిగిపోయింది. వేళ్ళు దూర్చి లాగితే వారు ఉన్నచోట గాడి మిగిలింది. వేలితో నొక్కితే గుంట పడింది. కాళ్ళు కడుక్కుని వచ్చి చూసినా ఆ గుంట పూడలేదు. ఎండలో నడిచిన అలసట అనుకున్నాను. మర్నాడు రెండో కాలు కూడా అలాగే ఉంది.

నేను పుదుచ్చేరిలో బడిపంతుల్ని. పిల్లలకు తెలుగు, లెక్కలు చెబుతాను. తీరిక దొరికితే పత్రికలకు మూఢాచారాల మీద వ్యాసాలు రాస్తాను. వితంతు వివాహం కావాలని సభల్లో చప్పట్లు కొట్టేవాళ్ళలో చేసుకునేవాడు ఒక్కడూ కనిపించడేమని చాలామందిని నిలదీశాను. దగ్గరి పల్లె బాహూరు పిల్ల ఆండాళును చూసిన తరువాత ఆ ప్రశ్న ఇతరులను అడగవలసిన పని లేకపోయింది. ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసులో మొదటి భర్త జ్వరంతో పోయాడు. మా పెళ్ళినాడు ఆమె మళ్ళీ మెట్టెలు పెట్టుకుంది. మా కులపెద్దలు మమ్మల్ని వెలివేశారు.

వెలి అంటే కొట్టడం, తిట్టడం అనుకుంటారు. కాదు. మా వీధిలో ఎవరూ మాకు నిప్పు ఇవ్వరు, మా చేతి నీళ్ళు పుచ్చుకోరు. గానుగాయన నూనె పొయ్యడు. ఆయన మర్యాదస్థుడు. ఆండాళు చెంబు పట్టుకుని వెళితే తల వంచుకుని, "నీకు పోస్తే రేపు నా గానుగకు గింజలు తెచ్చేవాడు ఉండడు తల్లీ, యాడైనా కొనుక్కో" అన్నాడట. ఈ ఊరి రేవు నుంచి వేరుశనగ మూటలు ఓడలకెక్కి ఫ్రాన్సు దేశపు సబ్బు కార్ఖానాలకు పోతాయి. అలాంటి ఊళ్ళో మాకు తాలింపుకు నూనె దొరకలేదు. కిరుమాంబాక్కం వైపు నుంచి దీపపు నూనె డబ్బా నెత్తిన పెట్టుకుని ఒకడు వచ్చేవాడు. వాడికి మా వెలి సంగతి తెలియదు, తెలిసినా పట్టదు. "దీపానికీ పోసుకోమ్మా, పొయ్యి మీదికీ పోసుకో, అంతా నువ్వుల నూనే" అన్నాడు. ఆండాళు వాడి దగ్గరే కొనడం మొదలుపెట్టింది.

కాళ్ళ వాపు పిక్కలకెక్కింది. నిలబడితే చర్మం ఎర్రబడి మంట పుట్టేది. విరేచనాలు పట్టుకున్నాయి. బోర్డు మీద రాస్తూ రాస్తూ గుండె దడదడలాడి కూర్చుండిపోయేవాణ్ణి. కాలువ దాటి, తెల్లవాళ్ళ వీధుల్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరు తమిళుడు, మద్రాసులో చదివినవాడు. నాతో తమిళం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. పిక్క నొక్కి, "ఎడీమా, నీరు పట్టింది" అన్నాడు. మూత్రం పరీక్ష చేయించి, "కిడ్నీ బాగుంది. బెరిబెరి అయ్యుంటుంది. మరబియ్యం మానెయ్యండి, ఉప్పుడు బియ్యం తినండి" అన్నాడు.

ఉప్పుడు బియ్యమే తిన్నాను. వాపు తొడలకెక్కింది.

ఆండాళు చేసిన సేవ చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. నాకు నోరు సహించడం లేదని అప్పడాలు, వడియాలు వేయించి పెట్టేది. తను మాత్రం వితంతువుగా గడిపిన ఏళ్ళ అలవాటు చొప్పున ఇంత చారన్నం తిని లేచేది. సాయంత్రం నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, గోరువెచ్చని నూనె రాసి మడమ నుంచి పైకి నిమిరేది. ఆ కాస్సేపూ హాయిగా ఉండేది. మరునాటికి మంట ఎక్కువయ్యేది.

వీధి ఊరుకుంటుందా? పక్కింటి మునెమ్మత్త మా ఇంట్లో అడుగు పెట్టదు గాని గోడ మీదుగా మాట్లాడుతుంది. ఒకనాడు ఆండాళు వినేలాగే అంది: "ముందరోడు పోయినాడు. ఈయన ఉబ్బినాడు. ఇంకా ఏంది చూసేది నాయనా?"

"అత్తా, నీ మొగుడు కూడా పోయినాడు గదా, ఎవరు ఉబ్బించినారు ఆయన్ని?" అన్నాను.

"నోరు మాత్రం వాయలే నీకు" అని ఆమె గోడ దిగింది.

నేను గెలిచాననుకున్నాను. ఆండాళు మాత్రం నవ్వలేదు. కొన్నాళ్ళకు ఒక ఉదయం ఆమె అన్న బండి వాకిట్లో ఆగింది. తనే కబురు పంపిందట.

"మీరు బతకాల. నేను ఈడుంటే బతకరు" అంది.

"రోగానికి కారణం ఉంటుంది ఆండాళూ. వెతుకుతాం."

"ఆ కారణం నేనేనేమో. మీకు అన్నీ తెలుసునని అనుకోబాకండి" అని, మూట తీసుకుని బండెక్కింది. దొడ్డి గోడ వెనక మునెమ్మత్త దగ్గు వినిపిస్తూనే ఉంది.

తరువాతి రోజుల గురించి రాయడం కష్టం. బడికి సెలవు పెట్టాను. ఇంటికి వచ్చేవాళ్ళు లేరు. సభల్లో నా పక్కన కూర్చున్న స్నేహితులకు కూడా ఆరోగ్యం బాగులేని మిత్రుడి ఇల్లు దూరమైంది. నాకు వంట రాదు. ఫ్రెంచివాళ్ళ రొట్టె కొనుక్కుని మజ్జిగలో ముంచుకుని తినేవాణ్ణి. లేకుంటే గంజి. రోజంతా నా గొంతు నాకే వినబడేది కాదు. గోడ అవతల నుంచి ఒక్క తిట్టు వచ్చినా బాగుండుననిపించేది.

అప్పుడు వాపు తగ్గడం మొదలుపెట్టింది.

ముందు తొడలు, తరువాత పిక్కలు. చెప్పు మళ్ళీ పట్టింది. బాగుపడుతున్నందుకు భయపడిన రోగి ఎవరైనా ఉంటే చెప్పండి, అతనితో నాకు పని ఉంది. మునెమ్మత్త గోడ మీది నుంచి నా కాళ్ళు చూసి, ఈసారి వెక్కిరింపు లేకుండా, మెల్లగా అంది: "చూసినావా నాయనా. ఆ బిడ్డే మంచిది, తెలుసుకొని పోయింది."

శకునాలు నమ్మేవాళ్ళను ఇన్నేళ్ళూ నేను అడిగింది ఒక్కటే: సాక్ష్యం చూపించండి. ఇప్పుడు సాక్ష్యం వాళ్ళ చేతిలో ఉంది. ఆమె వచ్చింది, ఉబ్బాను. ఆమె వెళ్ళింది, తగ్గాను. రోజుకొక చోట చర్మం ముడతలు పడుతూ నా కాళ్ళే నాకు ఎదురు వాదించాయి. ఈ ఆరోగ్యాన్ని ఇలాగే పుచ్చుకుని ఊరుకుంటే ఆండాళు బతుకంతా దోషిగా మిగులుతుంది. ఆమె ఇక తిరిగి రాదు.

వంటింట్లో చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఆలోచించాను. ఆమె వెళ్ళినప్పుడు ఈ ఇంట్లో నుంచి ఇంకా ఏం వెళ్ళిపోయింది? నీళ్ళు ఆ బావివే. బియ్యం ఆ కుండలోవే, గంజి వాటితోనే కాచుకుంటున్నాను. ఉప్పు అదే. మూలన నూనె చెంబు మీద దుమ్ము పట్టి ఉంది. ఆమె వెళ్ళిన నాటి నుంచి దాన్ని నేను ముట్టలేదు.

ఒక సీసాలో ఆ నూనె పోసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అంతా విని ఆయన ముందు నా మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు ఎగిరింది. ఆయన ముఖం మారింది. "బెరిబెరి ముదిరితే కాలు ఇలా తన్నదు. నేను మొదటే చూడవలసింది" అన్నాడు. గాజు గొట్టంలో నూనె పోసి, అంతే నైట్రిక్ ఆసిడ్ కలిపి ఊపి నిలబెట్టాడు. కాస్సేపటికి అడుగున తేరిన ఆసిడ్ నారింజ రంగుకు, తరువాత ఎరుపుకు తిరిగింది. ఆసుపత్రిలో ఉన్న మంచి నువ్వుల నూనెకు ఆ ఎరుపు రాలేదు.

"బ్రహ్మదండి తెలుసు గదా? బీడు నేలల్లో ముళ్ళ ఆకులు, పసుపు పువ్వు. దాని గింజ నూనె కలిసినట్టుంది. దీపాలకు వాడతారు. ఇలాంటి వాపును ఎపిడెమిక్ డ్రాప్సీ అంటారు, ఒకేసారి చాలామందికి పట్టే ఉబ్బురోగం. నూనె వల్లనేనని కలకత్తాలో కొందరు డాక్టర్లు అంటున్నారు, అందరూ ఒప్పుకోలేదు."

"కాచిన నూనె గదా డాక్టరుగారూ? విషం చావదా?"

ఆయన ఓపికగా చెప్పాడు. ఏ నూనె అయినా గ్లిజరిన్, కొన్ని కొవ్వు ఆసిడ్లు జతకట్టి తయారైనదే. కాస్టిక్ సోడా వేస్తే ఆ జత విడిపోతుంది, సబ్బు వస్తుంది. అందుకే అన్ని నూనెలూ కంటికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఇక్కడ చెడ్డది నూనె కాదు. అందులో కరిగి దాక్కున్న ఆల్కలాయిడ్ అనే మొక్క విషం. తాలింపు వేడికి అది పోదు. నీళ్ళలో కంటే కొవ్వులో హాయిగా కరుగుతుంది గనుక మర్దనా చేస్తే చర్మం గుండా కూడా లోపలికి పోతుంది.

ఆండాళు ఒళ్ళో నా కాళ్ళు గుర్తొచ్చాయి.

"అయితే రుజువైనట్టేనా?"

"రంగు వచ్చింది, అంతే. నూనెలో ఏదో కలిసిందని రుజువు. మీ వాపు దానివల్లేనని కాదు. మిగిలినది పారబొయ్యండి."

పారబొయ్యలేదు. గాజు గొట్టంలో ఎరుపు చూపిస్తే ఆండాళుకు అది మరో మంత్రం. ఆమె లేని ఇంట్లో, ఆమె చెయ్యి పడకుండా, నా కాళ్ళు మళ్ళీ ఉబ్బాలి. అంతకు తక్కువ సాక్ష్యం నేనైనా ఒప్పుకోను. ఆ చెంబులోని నూనె అన్నంలో కలుపుకుని తినడం మొదలుపెట్టాను. కడుపు చెడింది. తరువాత చెప్పు వారు ఉన్నచోట గాడి పడింది. మునెమ్మత్త గోడ మీది నుంచి చూసి, "మళ్ళా ఏంది ఇది? ఆ బిడ్డ వచ్చిందా?" అంది. "రాలేదత్తా, ఇల్లంతా వెతుక్కో" అన్నాను. ఆమె గోడ మీద ముందుకు వంగి మా వంటింటి వైపు చూసింది.

అప్పుడే దీపం చుట్టూ రంగుల వలయం కనిపించింది. ఎడమ కన్ను నొప్పి పుట్టింది. ఇక ఆగకూడదని తెలిసింది. ఒంటెద్దు బండి మాట్లాడుకుని బాహూరు పోయాను.

చెరువు గట్టు పక్కన వాళ్ళ ఇల్లు. ఆండాళు వాకిట్లో వడ్లు చెరుగుతోంది. నేను బండి దిగలేక అంచున కూర్చుని, పంచె మోకాళ్ళ దాకా ఎత్తాను.

"తగ్గిందని చెప్పినారే" అంది. చేట ఆగింది.

"తగ్గింది. నువ్వు లేనప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి దీన్ని ఎవరు తెచ్చినట్టు?"

నూనె సంగతంతా చెప్పాను. డాక్టరు పరీక్ష చెప్పాను. మళ్ళీ తిన్నది కూడా చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

"తెలిసి తెలిసి తింటిరా? బుద్ధి ఉండేవాళ్ళు చేసే పనా ఇది? కుక్కకు పెట్టినా పాపమే, మీరు తింటిరా?"

"నువ్వు ఇంకెలా నమ్ముతావు?"

ఆమె చేట పక్కన పెట్టింది. వంగి తన పాదాలు చూసుకుంది. మెట్టె పట్టుకుని తిప్పింది. అది వేలి చుట్టూ సులువుగా తిరిగింది.

"ఆడ ఉన్నప్పుడు ఇవి కరుచుకొని ఉండేవి" అంది. "తీద్దామన్నా రాలే. మీకు చెప్పలే. మళ్ళీ పెట్టుకున్నానని దేవుడు కోపంతో బిగించినాడనుకుంటి. ఈడికి వచ్చినాక వదులైనాయి." కాస్త ఆగి అంది: "నన్ను నేను యాడ వదిలిపెట్టి వస్తిని? ఆడ వదిలింది ఆ నూనెనే."

నా వ్యాసాలన్నింట్లోనూ ఇంత శుభ్రమైన వాదం లేదు. ఆమె లోపలికి పోయి మూట తెచ్చుకుంది.

తరువాత ఆసుపత్రిలో పడక, గుండెకు డిజిటాలిస్ చుక్కలు, పాలు, పండ్లు. నేను మళ్ళీ తిన్నానని విని డాక్టరు ఫ్రెంచిలో ఏదో తిట్టాడు, అర్థం అడగలేదు. గుండె దడ తగ్గడానికి చాలాకాలం పట్టింది. కంటి లోపల ఒత్తిడి పెరిగింది, "గ్లకోమా" అన్నారు. చుక్కలు వేశారు. నొప్పి పోయింది గాని ఎడమ కంటి పక్కచూపు తిరిగి రాలేదు. ఇప్పుడు చదివేటప్పుడు పుట వంచి కుడి కంటికి పెట్టుకుంటాను. సాయంత్రం వీధి దీపాల చుట్టూ ఈనాటికీ సన్నని వలయాలున్నాయి.

వెలి తీయలేదు. ఆండాళు బాహూరులో ఏదో మొక్కు తీర్చుకుంది, అందుకే నేను బతికానని వీధి తేల్చుకుంది. పండగలు మా వాకిలి తప్పించుకుని వెళతాయి. డాక్టరు నాకు ఆసిడ్ సీసా, గాజు గొట్టం ఇచ్చి, చేతికి తగలకుండా వాడే పద్ధతి నేర్పాడు. ఇంటికి ఏ నూనె వచ్చినా ఆండాళు ముందు దాన్ని గొట్టంలో నిలబెట్టిస్తుంది. ఆ నూనెవాడు మళ్ళీ మా వీధికి రాలేదు.

ఈ మధ్య మునెమ్మత్త కొబ్బరి చిప్పలో కాస్త నూనె పోసి గోడ మీద పెడుతోంది. "మనవరాలి కాళ్ళు బరువుగా ఉన్నాయంట. ఊరికే చూడు. ఎవరికీ చెప్పబాకు" అంటుంది. చూసి, బాగుందో లేదో చెబుతాం. దాహమా అత్తా అని ఆండాళు చెంబుతో నీళ్ళు చాపితే మాత్రం, వద్దులే అని దిగిపోతుంది.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. ఇంట్లో కాళ్ళు వాచి మంట పుడితే ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అని లెక్కపెట్టకండి. కొత్తగా వచ్చిన నూనె ఏదో చూడండి. దాన్ని తినడం, రాయడం ఆ పూటే ఆపి, సీసాలో పోసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మనిషిని బండెక్కించే ముందు నూనె చెంబును గడప దాటించండి.