ముందు నువ్వు తాగు

లునావ స్టేషన్ మలుపులో మెర్లిన్ అక్క ఆకుగంజి తాగకుండా పొద్దున్నే కొలంబో బండి ఎక్కేవాళ్ళు తక్కువ. ఎర్రబియ్యం మెత్తగా ఉడికించి, సరస్వతాకూ పిండికూరా కరివేపాకూ దంచి పసరు తీసి పోసి, చివర్లో కొబ్బరిపాలు కలిపి దించేది. గ్లాసుతో పాటు కొరుక్కోవడానికి ఓ చిన్న జీలుగబెల్లం ముక్క ఇచ్చేది. ఆమె తమ్ముడు టైటస్ కన్నెప్పుడూ ఆ ముక్కల మీదే. గంజి వాసన తగిలితే మాత్రం మొహం పక్కకి తిప్పుకునేవాడు.

మొరటువ ఊరి వడ్రంగుల్లో టైటస్ చెయ్యి తిరిగినవాడు. కుర్చీకాలి మీద తీగ చెక్కాడంటే, తోటలో తీగే పొరపాటున కుర్చీ ఎక్కిందేమో అనిపించేది. ఒకసారి పెళ్ళి సామాను తొందరలో రాత్రీ పగలూ పనిచేస్తుంటే, రుక్మన్ అనే స్నేహితుడు నడుం నొప్పికని పొడి పీల్పించాడు. హెరాయిన్‌ని అక్కడ కుడు అంటారు, అంటే పొడి. నడుం నొప్పి ఆ పూటకి పోయింది. పొడి మాత్రం ఏళ్ళ తరబడి పోలేదు. ఉలులు అమ్మేశాడు, చిత్రిక అమ్మేశాడు. అక్క గంజి గిన్నె కూడా పట్టుకెళ్ళి అమ్మేసి, మర్నాడు ఆవిడ కొత్త గిన్నె కొంటుంటే ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడి బేరమాడి పెట్టాడు. మనిషి ఎముకల గూడైపోయాడు. ఊళ్ళో అతన్ని కూనిస్సో అని పిలిచేవారు. ఎండబెట్టిన కూనిరొయ్యకి అక్కడ అదే పేరు.

ఆఖరికి మెర్లినే రెక్క పట్టుకుని ప్రభుత్వ క్లినిక్‌లో చేర్పించింది. ఒళ్ళునొప్పులూ వాంతులూ వణుకూ అన్నీ అక్కడే పడ్డాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మాత్రలు చేతిలో పెట్టి ఇలా చెప్పింది.

"చూడు టైటస్, ఆకలేసినా, నిద్ర రాకపోయినా, కోపమొచ్చినా, ఇన్నేళ్ళూ నీ బుర్రకి తెలిసింది ఒకటే మాట, పొడి. ఇప్పుడు దానికి మళ్ళీ మాటలు నేర్పాలి. వేళకి అన్నం తిను. ఆకుకూరా, పప్పూ, చేపా తిను. పంచదార తగ్గించు. మాత్రలు మానకు, ఇక్కడికి రావడం మానకు."

టైటస్ బుద్ధిగా తల ఊపాడు. వినకూడదనుకున్నప్పుడు అతను ఎప్పుడూ బుద్ధిగానే తల ఊపుతాడు.

ఇంటికొచ్చాక నాలుక తీపి తప్ప ఇంకోటి అడగలేదు. అన్నం కంచం పక్కకి తోసేసేవాడు. టీలో చెంచా నిలబడేంత పంచదార వేసుకునేవాడు. అక్క రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసు నిండా గంజి పోసి ఇచ్చి మలుపు దగ్గరికి వెళ్ళిపోయేది. ఆవిడ వీధి దాటగానే ఆ గ్లాసు గోడ దాటేది.

గోడ అవతల రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన సోమరత్న ఉండేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని గౌరవంగా మహత్తయ అనేవారు. ఆయనకి చక్కెర జబ్బు. కోడలికి తెలియకుండా బీరువా వెనక ఓ డబ్బాలో నూనెలో వేయించిన బెల్లపు కెవుంలు దాచుకునేవాడు. గంజి గోడ మీంచి అటు వెళ్ళేది, కెవుంలు ఇటు వచ్చేవి. పరమ రహస్యంగా, పరమ శాంతంగా ఆ వ్యాపారం నడిచింది.

తీరా చూస్తే బాగుపడింది ముసలాయన. తీపి తగ్గింది, గంజి పెరిగింది, కడుపు కుదుటపడింది. సముద్రం ఒడ్డుదాకా నడిచి రావడం మొదలుపెట్టాడు. టైటస్ మాత్రం అలాగే ఎండుకుపోయి, చీటికీ మాటికీ గిన్నెలు విసిరేస్తూ, మిట్టమధ్యాహ్నం చెమటలు పట్టి కూర్చునేవాడు.

ఒకరోజు ముసలాయన హుషారుగా మలుపు దగ్గరికొచ్చాడు. "నీ చెయ్యి చల్లగుండ మెర్లిన్. గోడ మీంచి నువ్వు పంపే గంజితో నాకు పదేళ్ళ వయసు తగ్గిందమ్మా."

మెర్లిన్ గ్లాసులో గంజి పోస్తూ అడిగింది. "సంతోషం మహత్తయా. ఇంతకీ గోడకి ఈ పక్కకి మీరేం పంపుతున్నారో?"

ముసలాయన నాలుక కరుచుకున్నాడు. తరవాత వాళ్ళిద్దరూ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. ఆ సాయంత్రం మెర్లిన్ నాలుగిళ్ళు తిరిగొచ్చింది.

మర్నాడు ఆవిడ మోకాలు పట్టేసింది. మంచం దిగలేనంది. "ఒరే, గంజి కాచిపెట్టాను. నువ్వెళ్ళి అమ్ముకురా. అమ్మలేకపోతే పారబొయ్యి, నేనేం అనను."

అమ్మడమంటే బెల్లం ముక్కల డబ్బా తన చేతికి రావడం. టైటస్ ఉత్సాహంగా బయల్దేరాడు.

మొదట వచ్చింది సోమరత్నే. గ్లాసు అందుకుని, లోపలికి తొంగి చూసి, మళ్ళీ టైటస్‌కే ఇచ్చాడు. "ముందు నువ్వు తాగు."

"నేనెందుకు?"

"ఏమో నాయనా. పొడి మనిషి చేతి గంజి. ఏం కలిపావో ఎవడికి తెలుసు?"

టైటస్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు. తరవాత ఇంద్రాణి టీచర్ వచ్చింది. గ్లాసు పుచ్చుకుని, "ముందు నువ్వు తాగు బాబూ" అంది.

"ఇప్పుడే ఆయన ముందు తాగాను కదా టీచర్."

"అది ఆయన చూశారు. నేను చూళ్ళేదు."

ఆపైన బ్యాంకు గుమాస్తా, ఆపైన చేపలమ్మే అతను. బండి కూత వేసేసరికి టైటస్ పొట్ట కడవలా తయారైంది. పోనీ బెల్లం ముక్కతోనైనా నోరు తీపి చేసుకుందామంటే, గంజికొచ్చిన వాళ్ళు ఒక్కటీ మిగల్చలేదు.

ఇంటికొచ్చి గిన్నె నేలకేసి కొట్టాడు. "నేనింక వెళ్ళను. నడివీధిలో నన్ను దొంగని చూసినట్టు చూశారు."

మెర్లిన్ మోకాలికి నూనె రాసుకుంటూ అంది, "వెళ్ళకులే. వీడు నిజంగానే ఏదో కలిపాడు, అందుకే పారిపోయాడు అనుకుంటారు. అనుకోనీ."

మర్నాడు అందరికంటే ముందు టైటస్ మలుపు దగ్గరున్నాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. మెర్లిన్ మోకాలు వానాకాలం దాటినా బాగుపడలేదు. పెరట్లో కొబ్బరికాయలు ఏరడానికి మాత్రం అది ఎందుకో అడ్డొచ్చేది కాదు.

కొన్ని వారాలకి టైటస్‌కి రాత్రి నిద్ర పట్టసాగింది. ఇంకొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం కడుపులో ఏదో తిప్పినట్టై, కంగారుపడి క్లినిక్‌కి పరిగెత్తాడు.

"డాక్టరమ్మా, ఇక్కడేదో పీకేస్తోంది. కాళ్ళు లాగేస్తున్నాయి. చిరాగ్గా ఉంది. మళ్ళీ మొదలైందేమో."

ఆవిడ నాడి చూసింది, కళ్ళు చూసింది. "పొద్దుటి నుంచీ ఏం తిన్నావు?"

"గంజి. అంతే."

"దాన్ని ఆకలి అంటారు టైటస్. వెళ్ళి అన్నం తిను."

నవ్వొచ్చిందిగానీ, ఆ మాట అతని మనసులో పడిపోయింది. అది అక్కరకొచ్చిన రోజు కూడా వచ్చింది. అక్కతో కూరలో ఉప్పు గురించి పోట్లాడి, అన్నం ముట్టకుండా బయటికొచ్చేశాడు. పొద్దు వాలుతుండగా రైలుకట్ట దగ్గర రుక్మన్ ఎదురయ్యాడు.

"ఏరా, పెద్దమనిషివైపోయావట. నా దగ్గర కొంచెం ఉంది. ఊరికే ఇస్తాలే."

టైటస్ అతని వెనకే ఊరి చివరి మడుగు వైపు నడిచాడు. దారిలో అన్నం పొట్లాలమ్మే చిన్న కొట్టు ఉంది. పప్పు తాలింపు ఘుమఘుమ ముక్కుకి తగిలింది. కడుపు గట్టిగా మూలిగింది. ఆ మూలుగు రుక్మన్‌కి కూడా వినపడింది.

"నువ్వాగు. నేను తిని వస్తా" అన్నాడు టైటస్.

"ఇప్పుడు తిండేంట్రా?"

"ఆకల్రా. డాక్టరమ్మ చెప్పింది."

ఎర్రన్నం, పప్పు, సరస్వతాకు పచ్చడి, చిన్నచేపల పులుసు. ముద్ద తరవాత ముద్ద నెమ్మదిగా తిన్నాడు. కోరిక చచ్చిపోలేదు. కానీ ఇందాకటి దాకా మీద పడి కరవబోయిన కుక్క, ఇప్పుడు ఎదురుగా కూర్చుని గుర్రుమంటున్నట్టుంది. ఆ కుక్క మళ్ళీ లేస్తుందేమోనని ఇంకో పొట్లం తెప్పించుకున్నాడు. అది అయ్యాక అరటిపండు అడిగాడు. అది అయ్యాక టీ అడిగాడు. రుక్మన్ రెండు సిగరెట్లు కాల్చి, "నీతో పొడికొచ్చానా, విందుకొచ్చానా" అని తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. టైటస్ అక్కణ్ణుంచి సరాసరి క్లినిక్‌కి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. అన్నం నన్ను మాన్పించిందని ఈనాటికీ అతను అనడు. మందు మందే, గంజి గంజే, అన్నం మాత్రం ఆలోచించుకోవడానికి కాస్త టైమిచ్చింది అంటాడు.

నాటకం సంగతి సోమరత్నే నోరు జారి బయటపెట్టాడు. టైటస్ అక్క మీదికి వెళ్ళాడు. "ఊరంతా తిరిగి నా పరువు తీశావా?"

"నీకు పరువుందని నాకప్పుడే తెలిసిందిరా. గిన్నె అమ్మిన రోజున కనపళ్ళేదు" అంది మెర్లిన్, మోకాళ్ళు రెండూ మడిచి దర్జాగా కూర్చుని. టైటస్ రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. గంజి అమ్మడం మాత్రం మానలేదు.

మరుసటి ఏడు పాత వడ్రంగి షెడ్డులో మళ్ళీ పని దొరికింది. ముదలాలి, అంటే షెడ్డు యజమాని, మొదట ఉలి ఇవ్వలేదు. గరుకు కాగితం ఇచ్చి పలకలు రుద్దమన్నాడు. కొన్నాళ్ళు చూసి ఉలి చేతికిచ్చాడు. ఓ రోజు కొలంబో నుంచి కారులో ఒకాయన కూతురి పెళ్ళికి మంచం చేయించడానికొచ్చాడు. తలాపి మీద ఎలాంటి పువ్వు కావాలో చెబుతున్నాడు. షెడ్డులో మధ్యాహ్నం గంట కొట్టారు. టైటస్ పెన్సిల్ చెవి మీద పెట్టుకుని లేచాడు.

"భోజనం వేళైందండీ. కూర్చోండి."

ముదలాలి మొహం మాడిపోయింది. "అయ్యగారు నిలబడి ఉంటే తిండేంట్రా?"

"కడుపు ఖాళీగా ఉంటే నా బుర్ర మంచిది కాదు ముదలాలీ. మీకు మంచం కావాలా, గొడవ కావాలా?"

కొలంబో ఆయన పకపకా నవ్వి, టేకు దుంగ మీద కూర్చున్నాడు. టైటస్ పొట్లం విప్పి, వాసన చూసి, సగం ఆయన వైపు జరిపాడు. ఆయన మొహమాటపడుతూనే పప్పంతా తినేశాడు. ఇంకాస్త ఎక్కువ పెట్టి పంపాల్సింది అక్క అని లోపల గొణుక్కుంటూ, టైటస్ చెయ్యి కడుక్కుని మంచం కొలతలు అడిగాడు.