పక్కవాళ్లతో ఐదు నిమిషాలు
వేసవి సెలవుల్లో శిక్షణంటే టీచర్లందరికీ ఒళ్లు మంట. ఏకోపాధ్యాయ బడి మాస్టారు మాత్రం గంట ముందే వచ్చి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ఏడాది పొడుగునా పాఠాల గురించి మాట్లాడదామంటే ఆయన బడిలో మరో టీచరు లేరు మరి. "పక్కవాళ్లతో ఐదు నిమిషాలు చర్చించండి" అని శిక్షకురాలు అనడమే ఆలస్యం, కుర్చీ తిప్పేస్తారు. ఈసారి పక్కన లెక్కల టీచరమ్మ. ఆవిడ చెప్పిందంతా విని, భిన్నాల పాఠానికి తాను కాగితం ఎలా మడుస్తారో మడిచి మరీ చూపించారు. ఆవిడ ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టింది. "ఇప్పుడు మీ పక్కవాళ్లు ఏం చెప్పారో మీరు చెప్పాలి" అంది శిక్షకురాలు. టీచరమ్మ మాటల్ని మాస్టారు పొల్లుపోకుండా అప్పజెప్పారు. తన వంతు రాగానే ఆవిడ లేచి నీళ్లు నమిలింది. మాస్టారు తాను మడిచిన కాగితాన్ని మెల్లగా జేబులో పెట్టుకుని, శిక్షకురాలితో అన్నారు: "నేనింకా ఏమీ చెప్పలేదండీ. టైం అయిపోయింది."