అమ్మమ్మ ఏం తింటోంది?

నా చిన్నప్పుడు మా మామయ్య ఒక చేప కడుపులోంచి అది మింగినదంతా బయటికి లాగి నాకు చూపించాడు. అరవై దాటిన ఈ వయసులో కూడా ఆ అసహ్యం పోలేదు. భోజనానికి కూర్చోబోయేవాళ్లు ముందు తినేసి వచ్చి ఇది చదవడం మంచిది.

అప్పుడు మేం విదేశంలో, ఓక్‌విల్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ మా బేస్‌మెంట్‌లో ఉండేవాడు. ఆ వసంతంలో రాజమండ్రి నుంచి మా అమ్మమ్మ వచ్చింది. అంతకుముందు ఆవిడకు కామెర్లు వచ్చి తగ్గాయి. ఆ జబ్బులో దగ్గరుండి చూసుకోలేకపోయానన్న బాధ అమ్మకు లోపల ఉండిపోయింది. అందుకని ఆవిడ ఇక్కడికి రాగానే అమ్మ పథ్యం మొదలుపెట్టింది. పాలన్నం, ఉప్పూ కారం లేని ఉడికించిన క్యారెట్, చప్పిడి పప్పుకట్టు. ఇంక ఏమైనా తినవచ్చని డాక్టరు చెప్పినా వినలేదు. ఆ ఉడికిన క్యారెట్ వాసనకే నాకు వాంతి వచ్చేది.

అమ్మమ్మ మాత్రం ఒక్క మాట అనేది కాదు. ఎప్పుడు అడిగినా "కడుపు నిండిపోయిందమ్మా" అనేది. కంచం ఖాళీగా ఉండేది, మనిషి మాత్రం చిక్కి శల్యమైపోతోంది. జాకెట్లు వదులైపోయి భుజాల మీంచి జారేవి. మళ్లీ పరీక్షలన్నీ చేయించారు, ఏ జబ్బూ లేదన్నారు. చలికాలం రాకముందే ఊరికి పంపించేద్దామని నాన్న, అంత దూరం ప్రయాణం చేస్తే బతకదని అమ్మ. ఇంట్లో ఏడుపులు, విసుర్లు. ఆవిడ చచ్చిపోతుందేమోనని నాకూ భయంగానే ఉండేది.

ఆగస్టు చివర్లో ఒక శనివారం, ఆ గొడవలోంచి నన్ను తప్పించడానికి మామయ్య తనతో చేపలు పట్టడానికి తీసుకెళ్లాడు. ఒక డ్యామ్ కింద ఏరు. పైనుంచి నీళ్లు బాగా తగ్గించేశారు. ఏరు పారుతోందో నిలబడిపోయిందో తెలియనంత నెమ్మదిగా ఉంది. ఒడ్డంతా కుళ్లిన నాచు, మీద పసుపుపచ్చ నురగ. నా బూట్లలోకి జిగురు నీళ్లు పోయి కాళ్లు జారుతున్నాయి. ఇంత కంపులో నిలబడి సరదా ఏమిటో నాకు అర్థం కాలేదు.

మామయ్య ఎరకు వానపాములు వాడేవాడు కాదు. గాలానికి ఈకలు, రంగు దారాలు చుట్టి దొంగ ఈగలు తయారుచేసేవాడు. వాటిని నీటి మీద వేసి ట్రౌట్ చేపల్ని పట్టడం, వెంటనే వదిలేయడం, అదీ ఆయన సరదా. నీళ్లు వేగంగా పారుతుంటే చేపకు ఆలోచించే తీరిక ఉండదట, కనిపించినదాన్ని గబుక్కున అందుకుంటుందట. ఇలాంటి కదలని నీళ్లలో మాత్రం తీరిగ్గా పైకి వచ్చి, ఈగను అటూ ఇటూ పరిశీలించి, మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది. ఆ రోజు అలాగే జరిగింది. మామయ్య తను మురిసిపోయి చుట్టుకున్న ఎర్ర ఈకల ఈగలన్నీ వేసి చూశాడు. ఒక్కటీ వాటికి నచ్చలేదు.

చివరికి తెలివితక్కువది ఒకటి, చిన్నది, చిక్కింది. మామయ్య జేబులోంచి రబ్బరు బుడ్డి ఉన్న సన్నటి గొట్టం తీసి దాని నోట్లోంచి కడుపుదాకా దింపి, బుడ్డి నొక్కి వదిలాడు. గొట్టంలోకి వచ్చిన నల్లటి జిగురంతా అరచేతిలో పోసుకుని వేలితో కెలికాడు. నువ్వుగింజలంత పురుగులు. యాక్! అందులో కొన్ని ఇంకా కదులుతున్నాయి.

"ఇట్స్ గ్రోస్ మామయ్యా! స్టాపిట్!" అని అరిచాను.

"గ్రోసే, అసహ్యమేనే తల్లీ. ఏం తింటున్నావని అడిగితే ఇది చెప్తుందేమిటి?" అన్నాడు.

ఆ చేపను వదిలేసి, ఉన్నవాటిలోకెల్లా చిన్న గాలం తీసి, దానికి నల్లదారం తప్ప ఏమీ చుట్టలేదు. చూడ్డానికి వికారంగా ఉందది. వేయగానే పెద్ద చేప వచ్చి మింగేసింది. దాన్నీ వదిలేశాడు. సంతోషిస్తాడనుకున్నాను గానీ అలాగే నీళ్లలో నిలబడి ఏదో ఆలోచించుకుని, పద ఇంటికి, అన్నాడు.

ఇంటికి రాగానే, చేపకంపు కొట్టే చేతులతోనే, వంటింటి చెత్తసంచి తీసుకొచ్చి గరాజ్‌లో పాత పేపర్ల మీద గుమ్మరించాడు. ఎండాకాలపు చెత్త! ఆ వాసన ఈనాటికీ నా ముక్కులో ఉంది. కాగితపు నాప్‌కిన్ల ఉండలు విప్పుతుంటే ఒక్కొక్కదాంట్లోంచి పులిసిపోయిన పాలన్నం, ముద్దలు ముద్దలుగా. వాటి కింద మా పెరటి చెట్టు క్రాబ్ యాపిల్ కాయల గింజలున్న నడిమి ముక్కలు, శుభ్రంగా చీకేసినవి. పిట్టలు కూడా ముట్టని పులుపు కాయలు అవి. కొన్నిటికి ఉప్పూ కారం అంటుకుని ఉన్నాయి. మామయ్య ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నేను గడ్డిలోకి పరుగెత్తి కక్కుకున్నాను.

అమ్మ వచ్చి "ఛీ ఛీ, ఇదేం పనిరా!" అని మామయ్య మీద విరుచుకుపడింది. అంతలో నాప్‌కిన్లు చూసి ఆగిపోయింది. వెనక గుమ్మంలో అమ్మమ్మ.

"నన్ను అడగొచ్చు కదమ్మా?" అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

"అల్లుడుగారింట్లో కూర్చుని పులుపు తెండి, కారం తెండి అని నోరు తెరిచి ఎలా అడగనే?" అంది అమ్మమ్మ. కూతురి ఇంట్లో మంచినీళ్లు కూడా మొహమాటపడి తాగే తరం ఆవిడది. ఆ సంగతి మరిచిపోయింది కన్నకూతురే.

అమ్మ గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. ఆ పుల్లకాయలు కోసి, గింజలు తీసి, పప్పులో వేసి, ఎండుమిర్చీ ఇంగువా పెట్టి పోపు వేసింది. అందరం కలిసి కూర్చున్నాం. నాన్న కారుతున్న ముక్కు తుడుచుకుంటూనే తిన్నాడు. అమ్మమ్మ కంచం మీద నుంచి తల ఎత్తలేదు. కాసేపటికి నాన్న ఎదురుగానే కంచం ముందుకు జరిపి, "ఇంకాస్త వెయ్యవే" అంది. ఆ ఇంట్లో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదే మొదటిసారి. అమ్మ గరిటె నిండా తీసి వేసింది.

ఆ గొట్టం మీద నాకు ఇప్పటికీ కోపమే. చేపను నీళ్లలోంచి ఎత్తి పట్టుకుని ఫోటోలకు ఇకిలించేవాళ్లను చూసినా ఒళ్లు మండుతుంది. కానీ మొన్న మా ఆయన ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, రోజూ నేను పెట్టిన ఓట్స్ గిన్నె ఖాళీ చేసి "తిన్నానులే, బాగుంది" అంటుంటే, ఆయన నిద్రపోయే వేళ చూసి తిండి చెత్త వేసే గ్రీన్ బిన్ మూత తీశాను. ముక్కు మూసుకుని, ఛీ ఛీ అనుకుంటూ, చెయ్యి పెట్టాను.