ఏనుగు రెండో కన్ను

కొండపల్లిలో బొమ్మలు చెక్కేవాళ్ళు చాలామంది. వాటికి కళ్ళు పెట్టించాలంటే మాత్రం అందరూ ఖయ్యూమ్ దగ్గరికే వచ్చేవారు. మేక వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్క చుక్క. ముప్పై ఏళ్ళలో తుడిచి మళ్ళీ పెట్టిన కన్ను లేదు.

అది 2007 వేసవి. స్కూల్లో సైన్సు చెప్పే కూతురు సనోబర్ కాన్పుకని పుట్టింట్లోనే ఉంది. ఆ ఉదయం తొమ్మిదింటికి పసివాడి ఉయ్యాల ఊపుతూ తండ్రిని చూస్తోంది. అంబారీ ఏనుగుకి ఒక కన్ను పెట్టాడు. రెండోది చెవి మీదికి జారింది. కుంచె చేతిలోంచి పడిపోయింది.

"ఏంటబ్బా, మీ ఏనుగుకి మెల్లకన్నా?" అని నవ్వింది సనోబర్.

అతనూ నవ్వాడు. నవ్వు మూతికి ఒక పక్కకే వచ్చింది. ఏదో అన్నాడు, కిళ్ళీ దవడన పెట్టుకున్నట్టు ముద్దముద్దగా.

"రంగు వాసన తలకెక్కింది," అంది తల్లి మెహబూబ్ బీ వంటింట్లోంచి. "కిటికీ తీయమంటే దుమ్మంటారు. అనుభవించండి మరి! మజ్జిగ తాగి పడుకోండి."

ఆ వీధిలో అదే వైద్యం. రంగులతో కూర్చునేవాళ్ళకి తల తిరగడం మామూలే. ఓ కునుకు తీస్తే సర్దుకుంటుంది. మజ్జిగ పెదవుల కుడి కొసనుంచి కారింది. సనోబర్ తుడిచింది. నిద్ర చెడకూడదని తలుపు దగ్గరగా వేసింది కూడా.

పన్నెండున్నరకి లేపితే మాట లేదు. కుడి చెయ్యి ఎత్తి వదిలితే తడిగుడ్డలా పడింది.

108 బండి విజయవాడ ఆసుపత్రికి చేర్చి, స్కాన్ తీసేసరికి రెండయింది.

"ఎప్పుడు మొదలైందమ్మా?" అడిగాడు డాక్టరు.

"తొమ్మిదింటికండీ."

"అప్పుడు మూతి వంకరపోయిందా?"

"నవ్వు ఒక పక్కకే వచ్చిందండీ."

"రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. దాన్ని కరిగించే ఇంజెక్షన్ మూడు గంటల్లోపు ఇవ్వాలమ్మా. వెంటనే తెచ్చి ఉంటే..." డాక్టరు ఆపేశాడు.

ఎడమ మెదడు కుడి చేతిని నడిపిస్తుందని ఏటా ఎనిమిదో తరగతికి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది ఆమే.

ఏడాది గడిచింది. మాట రాలేదు, చెయ్యి రాలేదు. పసివాడు నిద్ర లేవగానే వాడి నవ్వు రెండు పక్కలా సమంగా ఉందో లేదో చూడందే ఆమెకి తెల్లారదు.

ఒకరోజు ఖయ్యూమ్ ఎడమ చేత్తో ఆ ఏనుగునీ, కుంచెనీ, రెండో కన్ను పెట్టమన్నట్టు కూతురివైపు నెట్టాడు. ఆమె కుంచె రంగులో ముంచింది. చెవి మీది నల్లచుక్కని చూసింది. కుంచె కింద పెట్టేసింది.

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.